పరిగె గింజలు, పడవ డబ్బులు

మొన్న సాయంత్రం మా గేటు దగ్గరికి ఇద్దరు కాలేజీ పిల్లలు వచ్చారు. మెడలో ఐడీ కార్డులు, చేతిలో ఒక అట్ట, అట్ట మీద నలుపూ తెలుపూ గళ్ళ ముద్ర. "అంకుల్, ఒక ఆడపిల్ల చదువుకి సాయం చేస్తారా? స్కాన్ చేస్తే చాలండి" అన్నారు. స్కాన్ చేశాను. ఫోను కిణుక్కుమంది. వాళ్ళు థాంక్యూ చెప్పి పక్కింటికి వెళ్ళిపోయారు. వాళ్ళ చొక్కాలు నలగలేదు, ఎవరింట్లోనూ మజ్జిగ తాగాల్సిన పని పడలేదు. మా కాలంలో పరోపకారం చెయ్యాలంటే ముందు కావలసింది మజ్జిగ తట్టుకునే కడుపు.

అది నేను ఇంటర్ పరీక్షలు రాసి, బాగానే రాశానని ఇంట్లో నమ్మించిన వేసవి. మా ఊరు గోదావరి గట్టుకి ఇవతల ఉంది. అవతల, పాయ మధ్యలో ఒక లంక. లంకలో వంగతోటలూ, అరటీ, ఇసకా, కూలి చేసుకునే కుటుంబాలూ ఉండేవి. ఐదో తరగతి దాకా ఒక బడీ, ఆ బడికి ఒక పంతులుగారూ ఉండేవారు. గోదావరి ఒప్పుకున్న రోజున ఆయన వచ్చేవారు. ఆరో తరగతి చదవాలంటే మా ఊరి హైస్కూలుకే రావాలి, రావాలంటే రేవు దాటాలి. రేవుకి ఏటా వేలంపాట పెట్టేవారు. పాట పాడుకున్నాయన పడవెక్కిన ప్రతి మనిషి దగ్గరా వసూలు చేసేవాడు. చంకలో పిల్లకి ఉచితం, నడిచే పిల్లకి డబ్బులు. కూలి చేసుకునే తల్లికి రోజూ రానూ పోనూ ఆ డబ్బులు ఎక్కడినుంచి వస్తాయి? అందుకని లంకలో ఆడపిల్లల చదువు ఐదుతో పూర్తయ్యేది. మగపిల్లలది ఇంకాస్త ముందే.

ఈ సంగతి కనిపెట్టింది మా లీడరు. అతను డిగ్రీ రెండో ఏడు. అతనికో పేరు ఉంది గానీ వాళ్ళమ్మ తప్ప ఎవరూ వాడేవారు కాదు. ఊళ్ళో ఒక విద్యార్థి సంఘం పెట్టాడు. అందులో నలుగురం. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి పోగా మిగిలిన సభ్యులు నేను.

ఆ పిల్లని మేం మొదటిసారి చూసింది రేవు దగ్గరే. లంక ఎలా ఉంటుందో చూసి వద్దామని నలుగురం బయల్దేరాం. పడవ అవతలి ఒడ్డున ఉంది. మా లీడరు కాస్త పనుండి రేవు షెడ్డు వెనక్కి వెళ్ళాడు. ఎక్కణ్ణించో సన్నగా, గట్టిగా, బళ్ళో పాఠం చదివినట్టు గొంతు వినిపించింది.

"ఇచ్చట... మూత్రము... పోయరాదు. అతిక్రమించిన వారు... శిక్షార్హులు."

వాళ్ళమ్మ పక్కన వంకాయల గంప మీద చెయ్యేసి నిలబడి, పదీ పదకొండేళ్ళ పిల్ల గోడ చదువుతోంది. రేవులో ఉన్నవాళ్ళందరూ ఒక్కసారిగా గోదావరి ఎంత లోతుందో చూడ్డం మొదలెట్టారు. మా లీడరు చాలాసేపటిదాకా షెడ్డు వెనకనించి రాలేదు.

"అలా ఏది కనపడితే అది సదివేత్తాదండి బాబూ," అంది తల్లి నొచ్చుకుంటూ. "ఎరువు బస్తా కనపడితే ఎరువు బస్తా. మొన్న సంతలో సిమెంటు గోడ సదువుతా తప్పిపోయింది."

"ఎన్నో క్లాసమ్మా?"

"ఐదైపోయిందండి," అంది పిల్ల. పరీక్షలో మొదటి మార్కు వచ్చినట్టు చెప్పింది. వెంటనే అంది, "ఆరు ఇవతలుందండి, మేం అవతలండి."

ఆ ముక్కతో మా సంఘానికి లక్ష్యం ఏర్పడింది. జూన్‌లో బడి తెరిచేనాటికి ఆ పిల్లా, లంకలో ఐదు పూర్తి చేసిన మిగతా పిల్లలూ ఆరో తరగతిలో కూర్చోవాలి. ఏడాది పాటు వాళ్ళ పడవ డబ్బులు మేం కడతాం. లీడరు షెడ్డు వెనకనించి వచ్చాక ఆవేశంగానే ప్రకటించాడు. మొహం మాత్రం ఇంకా ఎర్రగా ఉంది.

చందాలకి బయల్దేరాం. దాళ్వా, అంటే రెండో పంట, కోతల రోజులు. ఊరంతా ఎండుగడ్డి వాసన, దానిమీద ఊరగాయకి ఎండబెట్టిన మామిడి ముక్కల వాసన. ప్రతి ఇంట్లోనూ మమ్మల్ని ఆప్యాయంగా కూర్చోబెట్టారు. "చాలా మంచి పని బాబూ, మజ్జిగ తాగండి" అన్నారు. అల్లం వేసిన మజ్జిగ, నిమ్మాకు వేసిన మజ్జిగ, కొన్నిచోట్ల నీళ్ళే వేసిన మజ్జిగ. తాగాక సలహా ఇచ్చారు. కొందరు మా నాన్నగారి ఆరోగ్యం అడిగారు. సాయంత్రానికి సంఘం నిధిలో చిల్లరా, సంఘం కడుపులో చెరువూ మిగిలాయి.

చివరికి మా పెదనాన్న అరుగు మీదికి చేరాం. పెదనాన్న ఊళ్ళో పెద్ద రైతు, మాట కాదనడం చేతకాని మనిషి. తాటి ముంజలు కొట్టించుకుని, బొటనవేలితో పొడిచి పీల్చుతూ మా లీడరు ప్రసంగం మొత్తం విన్నాడు. మాకూ తలా రెండు ముంజలు ఇచ్చాడు.

"డబ్బంటే ఎలారా," అన్నాడు. "ధాన్యం డబ్బులు మిల్లులోనే ఉండిపోయాయి. ఎరువుల కొట్టువాడు నన్ను చూస్తే లేచి నిలబడుతున్నాడు, మర్యాదకి కాదు. అలాగని మిమ్మల్ని ఉత్త చేతుల్తో పంపలేను. ఓ పని చెయ్యండి. రేపు పనలు మోసేస్తారు. చేలో పరిగె ఉంటది. ఏరుకోండి. ఎంత ఏరితే అంత మీ సంఘానిదే."

పరిగె అంటే కోత కోసి, పనలు కట్టి కళ్ళానికి మోసుకెళ్ళిపోయాక చేలో రాలి ఉండే కంకులు. పెదనాన్న ధారాళం ఊరందరికీ నచ్చింది. మర్నాటికల్లా, మజ్జిగతో సరిపెట్టిన ప్రతి రైతూ తన చేలో పరిగె మా సంఘానికి ఇచ్చేశాడు. ఇంత దానం మా ఊళ్ళో అంతకుముందు ఎప్పుడూ జరగలేదు. ఎవరి గాదెలోనూ గింజ తగ్గలేదు కూడా.

మా మామ్మ ఒక్కతే ఎదురు తిరిగింది.

"రైతింటి మగపిల్లలు పరిగె ఏరడమేంట్రా, సిగ్గు లేకపోతే సరి! పనలు గట్టెక్కాక వెనక్కి తిరిగి చూడకూడదు. మీ తాత అలాగే వచ్చేసేవారు, మెడ పట్టేసినోడిలాగ. కింద పడ్డదాని జోలికి మనం వెళ్ళకూడదు."

"ఎందుకు మామ్మా?"

"ఎందుకేంటి? వెళ్ళకూడదంతే."

కారణం చెప్పలేని కట్టుబాటు మూఢాచారం అని మా లీడరు అప్పటికే రెండు సభల్లో చెప్పి ఉన్నాడు. అంచేత మర్నాడు పొద్దున్నే, తలలకి తువ్వాళ్ళు చుట్టుకుని, చేతుల్లో గోనె సంచులతో, నలుగురం పెదనాన్న చేలోకి దిగాం. మా వెనక ఉత్సాహవంతులైన కాలేజీ కుర్రాళ్ళు ఇంకొంతమంది చేరారు. పరిగె ఏరడం చూడ్డానికి సుళువు. వంగాలి, కంకి తీసుకోవాలి, లేవకూడదు. కోసిన దుబ్బులు కాళ్ళలో గుచ్చుకుంటాయి. ఎండిన బురద బీటల్లో పడ్డ కంకిని వేళ్ళు పెట్టి లాగాలి. తొమ్మిదయ్యేసరికి మా నడుములు మావి కావు. మధ్యమధ్య పక్క తోటలో మామిడికాయలు కోసి, ఉప్పూకారం లేకుండానే తినేశాం. సంఘసేవలో ఉన్నవాళ్ళని తోట కాపలావాడు తిట్టడన్న ధైర్యం. తిట్టాడు.

గట్టు మీద ఆడవాళ్ళు నిలబడి ఉండడం అప్పుడు చూశాం. లంకనించి వచ్చినవాళ్ళు. ఏటా కోతలకి రేవు దాటి వస్తారు. పనలు మోయడం అయిపోగానే చేలో దిగుతారు. చంకల్లో బుట్టలూ, కొంగు చివర పిల్లలూ. దిగకుండా ఆగిపోయి మమ్మల్నే చూస్తున్నారు. వాళ్ళలో వంకాయల గంప తల్లి ఉంది. ఆవిడ పక్కన గోడలు చదివే పిల్ల.

"ఏంటి బాబుగారూ, తవరు సేలోకి దిగేరు?" అంది తల్లి.

"పరిగె ఏరుతున్నామమ్మా," అన్నాడు లీడరు, నడుం పట్టుకుని లేస్తూ.

"అయి మేం ఏరుకునేయి గదండి."

"తెలుసమ్మా. మా కోసం కాదు. మీ పిల్లల కోసమే. ఈ గింజలు అమ్మి మీ అమ్మాయికి పడవ డబ్బులు కడతాం. ఆరో క్లాసుకి వెళ్తుంది."

ఆవిడ చంకలో బుట్ట గట్టు మీద దింపింది. అప్పుడు, బతిమాలుతున్నట్టు కూడా కాదు, గుర్తు చేస్తున్నట్టు అంది. "మా పిల్లల కోసవే అయితే మాకే ఒదిలెయ్యండి బాబూ. ఈ గింజలు మాకు శ్రావణం దాకా వత్తాయండి."

"అలా అనుకుంటే ఎప్పటికీ పైకి రాలేరమ్మా. దూరం ఆలోచించాలి."

"శ్రావణం దూరవే గదండి," అంది ఆవిడ.

మా కుర్రాళ్ళెవరో నవ్వారు. నేను కూడా నవ్వాననే అనుకుంటాను. మాట బాగుంది మరి. ఆడవాళ్ళు ఇంకాసేపు నిలబడి, పక్క చేనికి వెళ్ళారు. పక్క చేలో పరిగె కూడా మాదే. ఆ పక్కదీ మాదే. దానంలో ఊళ్ళో రైతులెవరూ తక్కువ తినలేదు కదా. వాళ్ళు వెళ్ళిపోతుంటే ఆ పిల్ల మాత్రం వెనక్కి తిరిగి, "పుస్తకాలు కూడా ఇత్తారాండి?" అని అరిచింది. "ఇస్తాం!" అని అందరం ఒకే గొంతుతో అరిచాం. ఆ పొద్దున మాకు చాలా సంతోషం వేసింది.

కోతలయ్యేసరికి ఊరి పరిగె మొత్తం బస్తాలకెక్కింది. కళ్ళం ఊడ్చిన అడుగు గింజలు కూడా, ఎప్పుడూ తూర్పారబట్టే ఆడవాళ్ళకే వదిలేసేవి, కొందరు రైతులు పిలిచి మరీ ఇచ్చారు. మిల్లువాడు కొన్నాడు. జిల్లా పేజీలో మా ఫోటో వేశారు. అందరం వంగి ఉండడంతో ఎవరు ఎవరో మా అమ్మలు కూడా పోల్చుకోలేకపోయారు. మామ్మ మాత్రం గుర్తుపట్టింది. పేపరు తిరగేసి పెట్టింది.

రేవు పాటదారుతో బేరం కుదిరింది. పెద్ద మీసాలు, చెవి దగ్గర ట్రాన్సిస్టరు. డబ్బు ముందే చేతిలో పెట్టేసరికి ఆయనకి కూడా చదువు మీద గౌరవం కలిగింది. "మరి బడి పిల్లో, కూలి పిల్లో నాకెలా తెలుస్తదండీ?" అన్నాడు. న్యాయమైన సందేహమే. అందుకని మిగిలిన డబ్బుతో దర్జీ చేత ఖాకీగుడ్డ సంచులు కుట్టించాం. ఆ సంచి భుజాన ఉన్న పిల్లకి పడవ ఉచితం. సంచుల్లో పుస్తకాలూ, పెన్సిళ్ళూ పెట్టి లంకకి వెళ్ళి పంచాం. ఆ పిల్ల సంచి అందుకోగానే లోపలున్న నోటుపుస్తకం తీసి, వెనక అట్ట మీదున్న ఎక్కాలు మొదలెట్టింది. పన్నెండో ఎక్కం దాకా ఎవరూ ఆపలేకపోయారు.

బడి తెరిచిన రోజు నలుగురం రేవు గట్టు మీద నిలబడ్డాం. పడవలో ఖాకీ సంచులు వరసగా వచ్చాయి. తడి గుడ్డ వాసన, కొబ్బరినూనె వాసన, కొత్త పుస్తకం వాసన. ఆ పిల్ల ముందు దూకింది. బడి దాకా ఉన్న గోడలన్నీ చదువుకుంటూ నడిచింది. ఆరో తరగతిలో మొదటి బెంచీలో కూర్చుందని వాళ్ళ తెలుగు మాస్టారు చెప్పారు. లీడరు ఆ రాత్రి అన్నం తినలేదట, ఆనందంతో. వాళ్ళమ్మ ఒంట్లో బాగోలేదనుకుని మిరియాల చారు కాచింది.

తర్వాత మా మా పనుల్లో పడిపోయాం. నా ఇంటర్ ఫలితం వచ్చింది. దాని గురించి ఇక్కడ చెప్పాల్సినంత ఏమీ లేదు. కాలవలకి నీళ్ళు వదిలారు. నారుమళ్ళు పచ్చబడ్డాయి. ఊడ్పులు మొదలయ్యాయి.

ఒక రోజు పెదనాన్నకి కాఫీ ఫ్లాస్కు ఇచ్చి రమ్మని అమ్మ నన్ను చేలోకి పంపింది. వాన వెలిసిన పొద్దు. గట్టు మీద ఒక తుమ్మచెట్టు ఉంది. దాని కొమ్మలకి ఖాకీ సంచులు వరసగా వేలాడుతున్నాయి. కింద మడిలో, మోకాటి లోతు బురదలో, పెద్దవాళ్ళ మధ్య చిన్న చిన్న వీపులు వంగి ఉన్నాయి. నాకు దగ్గర్లో ఉన్న సంచి మూతి తెరిచి ఉంది. అందులో సద్ది గిన్నె, పొడి లంగా.

"రారా," అన్నాడు పెదనాన్న, ఫ్లాస్కు అందుకుని. మనిషి మంచి హుషారుగా ఉన్నాడు. "మీ సంఘం పుణ్యమాని ఈ ఏడు ఊడ్పులు వేళకి అవుతున్నాయి. ఏటా లంక కూలీలకి పడవ ఖర్చు నెత్తిన పడేది. ఈసారి సంచి పిల్లలకి ఆ బాధ లేదు. పిల్లలకి అర కూలీ. చేతులు చిన్నవి గదా, నాటు కూడా వరస తప్పట్లేదు."

ఆయన వెక్కిరించడం లేదు. మెచ్చుకుంటున్నాడు. అది నాకు బాగా గుర్తు.

ఆ పిల్ల వాళ్ళమ్మ గట్టు దగ్గర నారుకట్టలు అందుకుంటోంది. నా మొహం చూసి తనే చెప్పింది. "బడికి అంపుతానండి బాబూ. ఊడ్పులవ్వనివ్వండి. ఇంట్లో ఉన్న గింజలు జేష్టంలోనే అయిపోయాయి. కొట్లో బియ్యం అరువివ్వనన్నాడు." ఆ గొంతులో మా మీద కోపం లేదు. వెతికాను కూడా. కోపం కనపడితే కొంచెం సుఖంగా ఉండేది.

ఆ సాయంత్రం లీడరుకి చెప్పాను. మర్నాడు లంకకి వెళ్ళి ప్రసంగించాడు. బాలల హక్కులూ, భవిష్యత్తూ, అన్నీ చెప్పాడు. అందరూ శ్రద్ధగా విన్నారు. ఒక ముసలాయన మజ్జిగ ఇవ్వబోయి, లేదని గుర్తొచ్చి, నీళ్ళిచ్చాడు. తిరుగు పడవలో మా లీడరు ముందు బల్ల వదిలేసి, అందరికంటే వెనక కూర్చున్నాడు. నేను అతన్ని ఎరిగిన ఇన్నేళ్ళలో అది మొదటిసారి.

ఊడ్పులయ్యాక కలుపు తీతలొచ్చాయి. కలుపయ్యాక ఎరువు చల్లడం. ఒకళ్ళిద్దరు పిల్లలు బడికి తిరిగి వెళ్ళారు, వారానికి రెండు రోజులు, మూడు రోజులు. హాజరు పట్టీలో ఆ పిల్ల పేరు కొన్నాళ్ళు పిలిచి, తర్వాత పిలవడం మానేశారని తెలుగు మాస్టారు చెప్పారు. తప్పు ఆయనది కాదు. పిలిస్తే పలికేవాళ్ళుండాలి.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం రేవు గట్టు మీద నాకు ఆ పిల్ల ఎదురైంది. భుజాన సంచి, గోళ్ళలో బురద. చేతులు నానిపోయి, వేళ్ళ చివర్లు ముడతలు పడి తెల్లగా ఉన్నాయి. నన్ను చూసి ఆగింది.

"మీతో ఓ మాటండి," అంది.

బడి గురించేమో అనుకున్నాను. ఏం చెప్పాలో కూడా లోపల సిద్ధం చేసుకున్నాను.

"ఆదివారం బడుండదు గదండి. బడి లేదు గాబట్టి ఆదివారం పడవకి డబ్బులిమ్మంటన్నాడండి పాటదారుగారు. పనేమో ఆదివారం కూడా ఉంటదండి. ఆ డబ్బులు రైతుగారూ ఇవ్వరు, మీరూ ఇవ్వరు. మా అమ్మ కూలిలో పోతన్నాయండి." పెద్దవాళ్ళు బేరం చేసేటప్పుడు తగ్గే గొంతుతో అంది, "ఆదివారాలకి కూడా కడతారాండి?"

"నీకు చదువుకోవాలని లేదా?" అన్నాను. ఇంతకంటే పనికిమాలిన ప్రశ్న నా జన్మలో ఎవరినీ అడగలేదు.

"ఉందండి," అంది. అడిగావు కాబట్టి చెప్తున్నానన్నట్టు. తర్వాత మళ్ళీ, "ఆదివారం సంగతి సెప్పండి."

సంఘం అత్యవసర సమావేశం మా పశువుల పాక వెనక జరిగింది. కార్యదర్శి, అది మన ఆశయానికి విరుద్ధం అన్నాడు. కోశాధికారి, బడి మానిపించడానికి మనమే డబ్బు కట్టినట్టవుతుంది అన్నాడు. ఇద్దరూ సరిగ్గానే అన్నారు. లీడరు నములుతున్న గడ్డిపోచ పారేసి, "చేతులెత్తండి" అన్నాడు. నాలుగు చేతులూ లేచాయి. ఎవరి మొహం ఎవరూ చూసుకోలేదు. సినిమా డబ్బులూ, సైకిలు బాగుచేయించుకునే డబ్బులూ కలిపి పాటదారుకి ఇచ్చాం. ఆయన చదువు మీద ఇంకోసారి గౌరవం ప్రకటించాడు.

ఇప్పుడు ఆ లంక లేదు. ఒక పక్కనించి గోదావరి ఏటా కొంచెం కొంచెం కోసుకుంటూ పోయింది. మిగిలినవాళ్ళని గట్టు కింద కాలనీలోకి మార్చారు. ఆ పిల్ల ఎక్కడుందో నాకు తెలీదు. నలభై దాటి ఉంటుంది. ఈ మధ్య మా ఊరు వెళ్ళినప్పుడు కాలనీలో అడుగుదామనుకున్నాను. పేరు గుర్తు రాలేదు. అసలు అడిగామో లేదో కూడా గుర్తు రాలేదు.

అప్పట్లో, పాటదారుకి డబ్బులిచ్చిన తర్వాతి ఆదివారం, చినుకుల్లో నేను రేవు దాకా వెళ్ళాను. పడవ ఒడ్డుకి తగలగానే ఆ పిల్ల దూకింది. పాటదారు చెయ్యి చాపలేదు. పిల్ల నన్ను చూసి నవ్వి, పెద్దవాళ్ళ వెనకాల చేల వైపు పరుగెత్తింది. మా సంఘం తలపెట్టిన వాటిలో, అనుకున్నది అనుకున్నట్టు జరిగింది అదొక్కటే.